మెరుపు కింద మచ్చ

చిన్న గీతలు పోగొట్టబోయి పెద్ద మచ్చ చేసిన నా అనుభవమొకటి ఈ నెల మీతో చెప్పుకోవాలని ఉంది.

మాది తెనాలి దగ్గర పల్లె. వయసులో ఉండగా విజయవాడ ఆటోనగర్‌లో కార్లకు రంగులు వేసే షెడ్డులో పదకొండేళ్లు పనిచేశాను. నాన్నగారు పోయాక పొలం చూసుకోవడానికి ఇంటికి వచ్చేశాను. 2022లో మా తమ్ముడు చీటీ పాడుకుని, మరికొంత అప్పు చేసి, ముదురు నీలం రంగు పాత కారొకటి కొన్నాడు. పెళ్లిళ్లకు, ఆసుపత్రి ప్రయాణాలకు కిరాయికి తిప్పుతాడు. ఆ ఇంటికి అన్నం పెట్టేది ఆ కారే.

దానిమీద వాడికి ఎంత ప్రేమంటే, తెల్లారి లేచి ముఖమైనా కడగకముందే పొడి తువ్వాలుతో దుమ్ము తుడిచేవాడు. ఆ ప్రేమే కీడు చేసింది. మన దారుల దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది. పొడిగుడ్డతో తుడిచిన ప్రతిసారీ అది రంగును గీస్తుంది. ఏడాది తిరిగేసరికి, ఎండలో చూస్తే సూర్యుడి నీడ పడినచోటల్లా సాలెగూడు అల్లినట్టు గీతలు కనబడసాగాయి.

2023 ఏప్రిల్ నెలలో వాడు నా దగ్గరకు వచ్చి, “అన్నయ్యా, వచ్చే వారం పెద్ద పెళ్లి బేరం ఉంది. కారు ఇట్లా ఉంటే వాళ్లేమనుకుంటారు? నీకు పని తెలుసు గదా, ఒకసారి చెయ్యి వెయ్యరాదూ!” అన్నాడు. పని తెలుసు గదా అన్న ఆ మాటకు నా ఛాతీ పొంగింది. పాత షెడ్డుకు వెళ్లి పాలిషింగ్ మెషిన్ అరువు తెచ్చాను.

ఈ పని సంగతి కొంచెం చెప్పాలి. కారు రేకు మీద ముందు ప్రైమరు, దానిమీద రంగు, అన్నిటికంటే పైన గాజులాంటి పారదర్శకమైన పూత ఉంటాయి. ఆ పైపూతను క్లియర్ కోట్ అంటారు. అది సాధారణంగా 40, 50 మైక్రాన్ల మందం, అంటే మన తలవెంట్రుక కంటే పలచన. గీతలు ఉండేది దానిలోనే. మెషిన్ గీతను పూడ్చదు. గీత అడుగు వరకు చుట్టూ ఉన్న పూతను అరగదీస్తుంది. తీసినది మళ్లీ రాదు. అందుకే గోరు తగిలి ఆగేంత లోతైన గీత జోలికి పోకూడదని మా మేస్త్రి చెప్పేవాడు.

మొదటి రోజు అన్నీ పద్ధతిగానే చేశాను. చెట్టు నీడన పెట్టి, రేకు చల్లబడ్డాక కడిగాను. రబ్బరు బద్దీలకు, అంచులకు టేపు అంటించాను. ముందు డోరు మీద మూరెడు చోటులో పరీక్ష చేసి చూసుకున్నాను. మెషిన్ నెమ్మదిగా తిప్పుతూ, ఒక వరుస మీదికి సగం వరుస వచ్చేటట్టు నడిపాను. కాంపౌండులోని నూనె గీతల్లో నిండి అవి పోయినట్టే మాయ చేస్తుంది. నాలుగుసార్లు కడిగితే మళ్లీ బయటపడతాయి. అందుకని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నీళ్లలో కలిపి తుడిచి, టార్చిలైటు వేసి చూశాను. డోర్లు కొత్తవాటిలా మెరిశాయి. వీధిలో వాళ్లంతా చూసి మెచ్చుకున్నారు.

రెండో రోజు తొందరపడ్డాను. చీకటి పడకముందే బోనెట్ ముగించాలనుకున్నాను. అంచుల దగ్గర పూత పలచగా ఉంటుందని, అక్కడ మెషిన్ ఆపకూడదని తెలిసి కూడా, టేపు మళ్లీ అంటించడానికి బద్ధకించాను. ఒక్క క్షణం ఎక్కువసేపు ఆనించాను. పాడ్ తీసి చూస్తే దానికి నీలం అంటి ఉంది. క్లియర్ కోట్ ఉన్న కారుకు పాడ్ మీద రంగు కనబడిందంటే పైపూత పోయిందనే అర్థం. అంచున రూపాయి బిళ్లంత మేర బూడిదరంగు ప్రైమరు బయటపడింది.

చుట్టూ చూశాను. ఎవరూ లేరు. గబగబా టచప్ రంగు అద్ది, పైన మైనం రుద్దాను. నీడలో చూస్తే తెలియదు. సాయంత్రం తమ్ముడు వచ్చి కారు చుట్టూ తిరిగి, నా రెండు చేతులూ పట్టుకుని, “పరువు నిలబెట్టావన్నయ్యా” అన్నాడు. నేను నవ్వాను. ఆ నవ్వు నాకే చేదుగా తోచింది.

ఆ రాత్రి అన్నం సయించలేదు. నా భార్య సంగతంతా విని, “మచ్చ కారుకు పడింది గానీ, దాచిపెడితే అది మీకు పడుతుంది” అంది. గీతల్ని నూనె దాస్తుందని టార్చి వేసి మరీ చూసుకున్న మనిషిని, నేను చేసిన పని ఏమిటి?

తెల్లవారుతూనే వెళ్లి వాణ్ణి ఎండలోకి తీసుకుపోయి మచ్చ చూపించాను. వాడి ముఖం చిన్నబోయింది. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “నిన్న సాయంత్రమే చెప్పి ఉంటే బాగుండేది గదా అన్నయ్యా” అన్నాడు. మచ్చ కంటే ఆ మాట నాకు ఎక్కువ తగిలింది. పెళ్లి బేరం అలాగే నడిచింది. ఆ తరువాత మినుములు అమ్మిన డబ్బులతో బోనెట్‌కు మళ్లీ రంగు వేయించాను. వాడు వద్దన్నా ఒప్పుకోలేదు.

మీ ఇళ్లలో కారున్నా, మోటారు సైకిలున్నా పొడిగుడ్డతో తుడవకండి. ముందు నీళ్లు పోసి ఇసుక పోనిచ్చి, తరువాత మెత్తని మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. చాలా గీతలు అసలు పుట్టనే పుట్టవు. మెషిన్ పట్టవలసి వస్తే, మెషిన్ చక్రం ఒకే ఇరుసు మీద తిరిగేది కాక, తిరుగుతూ ఊగే రకం కొత్తవారికి క్షేమం. అది అంత త్వరగా వేడెక్కించదు.

మా తమ్ముడు ఇప్పుడు రెండు బకెట్ల నీళ్లతో కడుగుతున్నాడు. మొన్న డోరు మీద చిన్న గీత పడితే నన్నే పిలిచాడు. “నువ్వయితే ఉన్నది ఉన్నట్టు చెబుతావు” అన్నాడు. గోరు పెట్టి చూశాను. తగిలి ఆగింది.

“దీన్ని ముట్టుకోవద్దు తమ్ముడూ, ఉండనీ” అన్నాను.