పచ్చటి కరువు

ఆషాఢం వెళ్లి శ్రావణం వచ్చేసరికి నాట్లు పడతాయి, చెరువులు నిండుతాయి, పశువులకు మేతకు లోటుండదు. తేనెటీగలు పస్తులుండేది సరిగ్గా అప్పుడే. వరిచేను ఎంత కళకళలాడినా అందులో మకరందం బొట్టుండదు. వేప, కానుగ పూతలు ఎండల్లోనే అయిపోతాయి. ఉన్న కాస్త పువ్వునూ వాన కడిగేస్తుంది. ముసురు పట్టిందంటే ఈగ గడప దాటదు.

పెట్టెను వెనకవైపు నుంచి కాస్త ఎత్తి చూస్తే సంగతి తెలిసిపోతుంది. చేతికి తేలిపోయిందంటే లోపల నిల్వ అడుగంటినట్టే. రాణి గుడ్లు పెట్టడం తగ్గిస్తుంది. కూలీ ఈగలు పోతుటీగల్ని బయటికి గెంటేస్తాయి. పుప్పొడి కూడా కరువైతే కూలీ ఈగలు గుడ్లనూ, పసి పురుగులనూ తినేసి ఆ సత్తువతోనే మిగిలిన పిల్లల్ని సాకుతాయి. మన దేశవాళీ ఈగ చాలాసార్లు అంతదాకా ఆగదు, పెట్టె వదిలి లేచిపోతుంది. లేవలేకపోయిన గూడును తెరిచి చూడాలంటే గుండె దిటవు కావాలి. ఖాళీ గదుల్లోకి తలలు దూర్చి, వెనక భాగాలు మాత్రం బయటికి కనిపిస్తూ, వరసలు వరసలుగా చచ్చిపోయి ఉంటాయి. గది అడుగున ఏమైనా మిగిలిందేమోనని వెతుక్కుంటూనే ప్రాణం విడిచాయి.

ఈ నేరమంతా వాన మీదికి నెట్టలేం. కరువు రోజులకని అవి దాచుకున్నదాన్ని ఎండాకాలంలో పిండుకున్నది మనమే. ముసురు తెరిపిచ్చిన గంటా రెండు గంటల్లో అవి వాలేది గట్టు మీది తుమ్మి, గడ్డిచామంతి పూల మీద. గట్లకు గడ్డిమందు కొట్టి ఆ ఆసరానూ తీసేస్తున్నాం. అందుకే మనం పోసే పంచదార పాకాన్ని నేను బాకీ కిందే జమ వేస్తాను.

కిలో పంచదారకు లీటరు నీళ్లు. నీళ్లు కాచి, దించాక పంచదార కలిపి చల్లార్చాలి. పొయ్యి మీద మాడిన పాకం ఈగలకు చేటు. చవకగా వస్తుందని బెల్లం పోస్తే విరేచనాలు పట్టుకుంటాయి. ఎక్కడిదో తెలియని తేనె పెట్టడం ఇంకా ప్రమాదం, దాంతోపాటు జబ్బులూ రావచ్చు. 1990ల తొలినాళ్లలో థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో దేశవాళీ ఈగల పెంపకాన్ని ఎంత దెబ్బ కొట్టిందో పాతకాపులకు తెలుసు.

పాకాన్ని కొబ్బరిచిప్పలో పోసి, ఈగలు మునిగిపోకుండా నాలుగు పుల్లలు వేసి, పెట్టె లోపలే ఉంచాలి. అదీ పొద్దుగూకాకే. పగటిపూట పోశామా, వాసన పట్టి పక్క పెట్టె ఈగలు దోపిడీకి దిగుతాయి. గడప దగ్గర రెండేసి ఈగలు పెనవేసుకుని, ఒకదాన్నొకటి కుడుతూ కిందపడి దొర్లుతాయి. బలం లేని గూడు ఆ పూటతోనే తుడిచిపెట్టుకుపోతుంది. ద్వారాన్ని ఒకటి రెండు ఈగలు పట్టేంతగా కుదించాలి. బొట్టు కూడా బయట ఒలకకూడదు. అన్ని పెట్టెలకూ ఒకే సాయంత్రం పోయాలి. ఓపిక కావాల్సింది ఇక్కడే.

పాకంతో పెద్ద ఈగలు బతుకుతాయి గానీ పిల్లలు పెరగాలంటే పుప్పొడి ఉండాలి. దగ్గర్లో మొక్కజొన్న జల్లు వేస్తే సరే. లేకపోతే నూనె తీసిన సోయాపిండిలో ఈస్టు కలిపి, పాకంతో ముద్ద చేసి చట్రాల మీద పెట్టాలి.

పూత దగ్గరపడగానే ఇవన్నీ ఆపేయాలి. అరకు వైపు వలిసె పూలు విచ్చుకునే లోపే చిప్పలు బయటికి వచ్చేయాలి. తేనె అర పైన పెట్టాక కూడా పాకం పోస్తూ ఉంటే ఈగలు దాన్నే మోసుకెళ్లి అక్కడ దాస్తాయి. చూడ్డానికి అది తేనెలాగే ఉంటుంది. చెరకు పంచదార తగినంత కలిసిందంటే కార్బన్ ఐసోటోప్ పరీక్ష పట్టేస్తుంది. పట్టలేనంత కొంచెమే కలిసినా, పిల్లల తల్లి గానీ, మందు కోసం వచ్చిన ముసలాయన గానీ డబ్బిచ్చి కొనేది పువ్వుల తేనె అనుకునే కదా. ఆకలి తీర్చడానికి పోసిన పాకం సీసాలోకి ఎక్కకూడదు.