మెరక ఎవరిది? పల్లం ఎవరిది?

(నేల - నీళ్లు - వాడ: ఏడో భాగం)

పోయిన భాగం చదివి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టినాడు. తిరుపతిలో రూము తీసుకుని గ్రూప్స్‌కు చదువుకుంటున్నాడు. "అన్నా, అన్నిట్లో కులం తెస్తావు సరే, జాగ్రఫీలో కూడానా? కొండకు, గాలికి, వానకు కులం ఉంటాదా?" అని అడిగినాడు. ఎగతాళిగా అడిగింది కాదు. అందుకే ఈ భాగమంతా ఆ తమ్ముడికి జవాబుగానే రాస్తున్నా.

ముందు పుస్తకంలో ఉన్నదే చెప్పుకుందాం. జూన్‌లో నైరుతి ఋతుపవనాలు అరేబియా సముద్రం మీది తేమను మోసుకొచ్చి పడమటి కనుమలకు తగులుతాయి. గాలి కొండెక్కి చల్లబడి, ఉన్న నీళ్లన్నీ అక్కడే దించేస్తుంది. కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడేది అందుకే. అదే గాలి కొండ దాటి రాయలసీమకు వచ్చేసరికి తేమ అయిపోయి ఉంటుంది. అనంతపురానికి దక్కేది 550 మిల్లీమీటర్ల దరిదాపు. వర్షచ్ఛాయ ప్రాంతం అని మీరు పరీక్షలో రాసేది ఇదే.

మా కాళహస్తి కథ కొంచెం వేరు. అక్టోబరులో గాలి తిరుగుతుంది. ఈశాన్యం నుంచి బంగాళాఖాతం మీదుగా వచ్చి శేషాచలం కొండలకు కొట్టుకుంటుంది. దానికి ఒక వాయుగుండం తోడైతే నెల వాన రెండు రోజుల్లో పడుతుంది. చంద్రగిరి వైపు కొండల్లో పుట్టిన స్వర్ణముఖి తిరుపతి, కాళహస్తి, నాయుడుపేట మీదుగా సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. ఆ కొన్ని రోజులు మాత్రం ఏరు ఏరులా ఉంటుంది. ఎండాకాలంలో మా అవ్వవాళ్లు ఆ ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లు చెంబుతో తోడుకుని కడవ నింపుకునేవాళ్లు. "ఏరు ఎండింది గానీ చావలేదురా" అనేది అవ్వ. ఇసుక నీళ్లను దాచుకుంటుందని ఆమెకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

ఇక్కడిదాకా కులం లేదు తమ్ముడూ. నువ్వు చెప్పింది నిజమే. వాన అందరి మీదా ఒకేలా పడుతుంది. పడిన తర్వాత అది పల్లానికి పోతుంది. ఆ పల్లంలో ఎవరి ఇళ్లున్నాయి? నా ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

కాళహస్తి, ఏర్పేడు, తొట్టంబేడు మండలాల్లో నేను తిరిగిన ఊళ్లలో ఎక్కువ చోట్ల ఒకటే అమరిక చూసినాను. గుడి, రచ్చబండ, పెద్దిళ్లు మెరక మీద. ఆదిఆంధ్రవాడ, అరుంధతివాడ వంక పక్కన, లేదా చెరువు మొరవ పారే దోవలో, లేదా మడికయ్యల అంచున. యానాదుల గుడిసెలు ఇంకా కిందికి, కాలువ గట్టు మీద. మన వాళ్లు అక్కడ నిలబడింది నేల బాగుందని కాదు. ఊరికి పనికిరాని చోటు కాబట్టి అక్కడ ఉండనిచ్చినారు.

గాలి సంగతీ అంతే. కాళహస్తిది వాయులింగం. గాలి చొరబడని గర్భగుడిలో కూడా దీపం రెపరెపలాడుతుందని, అదే వాయువుకు సాక్ష్యమని భక్తులు చెప్పుకుంటారు. గాలిని దేవుడిగా కొలిచే ఈ చుట్టుపక్కలే, "వాడ మీది గాలి ఊరి మీదికి రాకూడదు" అనే మాట పెద్దవాళ్ల నోట విన్నాను. గాలికి కులం లేదు. గాలివాటం చూసి ఊరు కట్టిన మనిషికి ఉంది.

చెరువుల దగ్గరికి వద్దాం. వానంతా కొన్ని రోజుల్లోనే పడే చోట నీళ్లు నిలబెట్టుకోకపోతే బతుకు లేదు. అందుకే రాయలసీమ నిండా చెరువులు తవ్వినారు. పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువు ఎక్కడ కట్టాలో, కట్ట ఎలా వేయాలో దాంట్లో చెక్కించినారు. ఆ తెలివికి దండం పెట్టాల్సిందే. అయితే చెరువును రోజూ కాపాడిందెవరు? మా తాత నీరుగంటి. చాలా ఊళ్లలో ఆ పని మన వాళ్లదే. అర్ధరాత్రి వానలో కట్ట మీద తిరిగి ఎక్కడ ఊట పడుతోందో చూడాలి. ఊపిరి బిగబట్టి మునిగి తూము తెరవాలి. ఏ కయ్యకు ఎంతసేపు నీళ్లో లెక్క చూసి పారించాలి. దానికి పంటలో మేర కింద ఇన్ని వడ్లు ఇచ్చేవాళ్లు. ఆయకట్టు మొత్తానికి నీళ్లు కట్టిన మనిషికి ఆ ఆయకట్టులో సెంటు మడి లేదు. ఆ నీళ్లు తాగడానికి ఊరి బావి దగ్గరికి పోతే మాత్రం దూరంగా నిలబడి ఎవరైనా పోసేదాకా ఎదురుచూడాలి.

తర్వాత ప్రభుత్వం భూమి ఇచ్చింది. మన జిల్లాలో దాన్ని డీకేటీ పట్టా అంటాం. ఎక్కడిచ్చింది? గుట్ట వాలులో, గులకరాళ్లలో, చెరువు నీళ్లు ఎన్నటికీ ఎక్కని చోట. అంటే చూడండి, ఇల్లేమో నీళ్లు ముంచే పల్లంలో, చేనేమో నీళ్లు అందని మెరకలో. ఒకే కుటుంబం నవంబరులో మునుగుతుంది, మే నెలలో ఎండుతుంది. దీన్ని రాయలసీమ వాతావరణం అని రాసేస్తే ఎలా?

2021 నవంబరు గుర్తుంది కదా. 19న తెల్లవారుజామున వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. తిరుపతి మునిగింది. స్వర్ణముఖి పొంగింది. అదే రోజు రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు కొట్టుకుపోయినాయి. ఆ వారంలోనే మా బంధువుల వాడలో ఒక పెద్దమ్మ చనిపోయింది. ఆ వాడకు శ్మశానం వంక అవతల ఉంది. వంక మీద కల్వర్టు లేదు. రెండు రోజులు శవాన్ని ఇంట్లో పెట్టుకుని నీళ్లు తగ్గుతాయా అని చూసినారు. మూడో రోజు నడుము లోతు నీళ్లలో పాడె భుజాల పైకెత్తి దాటించినారు. కల్వర్టు కోసం అంతకుముందే ఒక కార్యాలయంలో అర్జీ ఇచ్చి ఉన్నారు. "టెక్నికల్‌గా కుదరదు" అన్నారంట.

కుదరదు అనే మాట దగ్గర కాసేపు ఆగుదాం. 1983లో రాష్ట్రాల మధ్య తెలుగుగంగ ఒప్పందం జరిగింది. ఎక్కడి శ్రీశైలం, ఎక్కడి చెన్నై! కొండలు దాటించి, జలాశయాలు కట్టి, కండలేరు నుంచి కాలువ తవ్వి, మన సత్యవేడు వైపుగా 1996లో కృష్ణా నీళ్లను పూండి చేర్చినారు. చెన్నై దాహం తీరడం మంచిదే, అక్కడ బతికే మన కూలోళ్లూ ఆ నీళ్లే తాగుతారు. కాకపోతే, నదినే వందల కిలోమీటర్లు నడిపించగలిగిన దేశానికి ఒక వాడ దోవను నాలుగడుగులు ఎత్తు చేయడం సాంకేతిక సమస్య కాదు. అమెరికాలో 2005లో కత్రినా తుపాను వచ్చినప్పుడు న్యూ ఆర్లీన్స్‌లో నల్లవాళ్ల పేటలు అంతగా ఎందుకు దెబ్బతిన్నాయో చదవండి. అక్కడా పల్లం ఎవరిదనే ప్రశ్నే వస్తుంది.

మన ఉద్యమ చరిత్రలో నీళ్లు ఎన్నిసార్లు వస్తాయో చూడండి. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు తాగినాడు. 1985 జూలైలో కారంచేడులో తాగే నీళ్ల చెరువును పాడు చేయొద్దన్నందుకే గొడవ మొదలైంది. ఆరుగురు మాదిగలను చంపినారు. ఇంకో సంగతి మనవాళ్లే తక్కువ చెప్పుకుంటారు. వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్నప్పుడు, 1945లో కటక్ సమావేశంలో, వరదను కీడుగా చూసి సముద్రంలోకి తరిమేయడం కాదు, నిలబెట్టి జనానికి వాడాలి అని వాదించింది అంబేద్కరే. చెరువు నీళ్లు తాగే హక్కు అడిగిన మనిషే నదుల్ని ఏం చేయాలో కూడా చెప్పినాడు. జాగ్రఫీ మనది కాదని ఎట్లా అంటావు తమ్ముడూ?

కాబట్టి చదువుకునే మీ అందరికీ ఒక పని చెబుతా. సంక్రాంతికి ఊరికి పోయినప్పుడు ఒక తెల్లకాగితం మీద మీ ఊరి పటం గీయండి. చెరువు, మొరవ, వంక, ఊరు, వాడ, శ్మశానం, డీకేటీ భూములు పెట్టండి. పోయిన వరదలో నీళ్లు ఏ ఇంటి గడపదాకా వచ్చినాయో ముసలోళ్లను అడిగి గీత గీయండి. 2013 సబ్‌ప్లాన్ చట్టం కింద మీ మండలంలో దేనికి ఖర్చు పెట్టినారో సమాచార హక్కు కింద అడగండి. కొత్తగా ఇళ్ల స్థలాలు చూపిస్తే సంతకం పెట్టే ముందు వాన రోజు ఒకసారి పోయి ఆ నేల చూడండి. పటం చేతిలో ఉంటే "కుదరదు" అనేవాడు ఎందుకు కుదరదో చెప్పాల్సి వస్తుంది.

గీసిన పటాలు నాకు పంపండి. వచ్చే భాగం వాటితోనే రాస్తా.

జై భీమ్.