మంచె మీద డబ్బా మోత

ఆర్మూరు దాటి వేల్పూరు దారి పట్టారంటే రెండు పక్కలా పసుపు చేలే. వానాకాలం చివర్లో వెళ్తే మాత్రం ఆ పసుపు సరిగా కనబడదు. దాన్ని కమ్మేస్తూ మనిషెత్తు మక్క నిలబడి ఉంటుంది. పసుపులో మక్క వేయడం ఇక్కడి రైతులకు అలవాటు. కంకి పాలు పట్టిందో లేదో, గుట్టల వైపు నుంచి అడవి పందులు దిగుతాయి!

మేం వెళ్లిన రాత్రి మంచె మీద ఓ పెద్దాయన కాపలా ఉన్నాడు. చేను చుట్టూ పాత చీరలు, చేతిలో నూనె డబ్బా, ఓ కట్టె. "తుపాకీ లేదా తాతా?" మా అబ్బాయి అడిగేశాడు.

"తుపాకా? అది పట్టుకుంటె పందికన్న ముందుగాల పోలీసోళ్లొస్తరు బిడ్డా."

పంట కాపలాకు లైసెన్సు ఇవ్వొచ్చని 1959 ఆయుధాల చట్టంలోనే ఉంది. అదీ మూతిలోంచి మందుగుండు కూరి కాల్చే పాతకాలపు తుపాకీకి. ఎన్నికలొస్తే దాన్ని ఠాణాలో అప్పజెప్పాలి. పైగా 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అనుమతి లేనిదే అడవి పందిని కాల్చకూడదు. ఇక మిలిటరీ రైఫిల్‌కు చుట్టమంటూ మన దేశంలో పౌరులకు దొరికేది .315. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ ఫ్యాక్టరీ తయారీ. బ్రిటిష్ సైన్యపు .303కు దగ్గరి బంధువే కానీ, సైన్యం తూటా ఇందులో పట్టదు. గుండు గుండుకీ బోల్టు వెనక్కి లాగాలి. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ పేలి, తర్వాతి తూటాను తనే ఎక్కించుకునే సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మామూలు మనిషికి ఇక్కడ అందదు.

"మా మనవడు డాలస్‌ల ఉంటడు. ఆడ గూడ పందులున్నయంట" అన్నాడు తాత.

ఉన్నాయి. టెక్సాస్‌లోనూ అవి మక్క చేలను దున్నేస్తాయి. అక్కడి రైతులు చాలామంది వాటిపైకి తీసేది ఏఆర్-15. 1950ల్లో యూజీన్ స్టోనర్ గీసిన ఈ తుపాకీయే వియత్నాంలో అమెరికా సైన్యం మోసిన ఎం-16 అయింది. సెమీ ఆటోమేటిక్ రకాన్ని కోల్ట్ కంపెనీ 1964లో పౌరుల కోసం బజారులో పెట్టింది. ఇలాంటి కొన్ని తుపాకుల అమ్మకాన్ని 1994లో నిషేధించారు. పదేళ్లకు గడువు తీరితే మళ్లీ పొడిగించలేదు.

డాలస్‌కు దగ్గర్లోనే ఆలెన్ అనే ఊరుంది. 2023 మే 6న అక్కడి మాల్‌లో ఒకడు ఇలాంటి రైఫిల్‌తోనే ఎనిమిది మందిని చంపాడు. వాళ్లలో మన తెలుగమ్మాయి ఒకరు. ఈ సంగతి చెప్పాలా వద్దా అని తటపటాయిస్తూనే చెప్పాను.

"ఆ ఊరు డాలస్‌కు ఎంత దూరముంటది?"

"నలభై కిలోమీటర్లుంటుంది."

"అంటే మనకు నిజామాబాదంత" అని తాత కాసేపు ఊరుకున్నాడు. ఇంతలో చేలో మక్క కదిలింది. లేచి డబ్బా వాయించడం మొదలుపెట్టాడు.