ఓటరు జాబితాలో ఒక పేరు

1951-52 నాటి తొలి సార్వత్రిక ఎన్నికలలో సుమారు 28 లక్షల మంది స్త్రీలకు ఓటు దక్కలేదు. సొంత పేరు చెప్పక ‘ఫలానావారి భార్య’, ‘ఫలానావారి తల్లి’ అని మాత్రమే నమోదు చేయించుకోవడం వలన వారిని జాబితాల నుండి తొలగించారు.

ఇది చదివినప్పుడు మా నాయనమ్మ జ్ఞప్తికి వచ్చింది. ఇంట్లో అందరికీ ఆమె అమ్మ, అత్త, నాయనమ్మ, తాతయ్యకు ‘ఏమే’. చిన్నతనంలో ఆమె వెంట పోలింగు కేంద్రానికి వెళ్ళినప్పుడు, అక్కడి ఉద్యోగి బిగ్గరగా చదివితేనే ఆమె అసలు పేరు నాకు తెలిసింది. ఓటు ఎవరికి వేసిందో తాతయ్యకు సైతం చెప్పలేదు.

“ఒక్క ఓటుతో ఏమవుతుంది?” అంటారు నాతో పట్టా పుచ్చుకున్న మిత్రులు. మా పేర్లు పట్టాల మీద అచ్చయ్యాయి. ఆమె పేరు అచ్చయినది ఆ జాబితాలోనే.