బాపు ఫోన్‌ల ఉంటడు

మల్యాల చుట్టుపక్కల ఊళ్లలో పిల్లల జబ్బులు కాలాన్ని బట్టి మారుతుంటాయి. వానాకాలం వాంతులు, విరేచనాలు, జ్వరాలు; చలికాలం దగ్గు, పిల్లికూతలు. ఏ కాలంలోనూ తగ్గని ఫిర్యాదు ఒకటి మాత్రం ఈ మధ్య ఎక్కువైంది: "సారూ, పోరనికి మాటలు వస్తలేవు."

ఆ మాట చెప్పేది ఎక్కువగా నాయనమ్మే. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. తల్లి ఇంట్లో బీడీలు చేస్తుంటుంది. బీడీల కూలి వెయ్యికి ఇంత అని లెక్క గనుక, ఆస్పత్రికి వచ్చిన పూట ఆమెకు కూలి లేనట్టే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఎన్నో ఇళ్లలో ఏళ్ల తరబడి ఇదే తీరు. గల్ఫ్ డబ్బుతో అప్పులు తీరాయి, స్లాబు ఇళ్లు లేచాయి, చెల్లెళ్ల పెళ్లిళ్లు అయ్యాయి. ఆ ఇళ్లలో పసిపిల్లలు రోజంతా ఎవరితో మాట్లాడుతున్నారని అడిగినవాళ్లు తక్కువ.

ఒక మూడేళ్ల పిల్లవాడి సంగతి చెప్తాను. గుర్తుపట్టకుండా వివరాలు కొన్ని మార్చాను. ఒడ్డూ పొడుగూ బాగానే ఉంది, పరుగెత్తుతున్నాడు. ఒక్క మాట లేదు. కొండగట్టు అంజన్నకు మొక్కి, పుట్టువెంట్రుకలు అక్కడే తీయించి వచ్చారు. "మాటల మందు ఏదన్న రాయి సారూ. వాళ్ల బాపు గూడ నాలుగేండ్లకే మాట్లాడిండు" అన్నది అవ్వ.

మందు రాసే ముందు నేను కొంతసేపు పిల్లవాణ్ణి ఊరికే చూస్తాను. వెనక నుంచి పిలిస్తే తిరుగుతున్నాడా, కళ్లలోకి చూస్తున్నాడా, కావలసిన వస్తువును వేలుపెట్టి చూపిస్తున్నాడా. ఇవన్నీ వీడు చేశాడు. ఆ తర్వాత అవ్వ రొండిలో చెక్కుకున్న ఫోన్ లాగి, తనకు కావలసిన బొమ్మల పాట తనే తెరుచుకొని మూలకు కూర్చున్నాడు. "బాపు ఏడిరా?" అని అడిగాను. ఆ ఫోన్‌నే చూపించాడు. అవ్వ నవ్వి, "అవ్ సారూ, వానికి బాపు ఫోన్‌లనే ఉంటడు" అన్నది.

నన్ను ఆలోచింపజేసింది ఒక్కటే. ఈ పిల్లవాడికి నోరు తెరిచి అడగవలసిన అవసరమే రాలేదు. ఏడవక ముందే పాలు, గునిసేలోపు ఫోన్. ప్రేమకు ఆ ఇంట్లో లోటు లేదు. కానీ మాట అవసరంలోంచి పుడుతుంది, ఎదుటి మనిషి జవాబులోంచి పెరుగుతుంది. రెండు మూడు నెలల బిడ్డ "ఉంగా" అంటే మనమూ "ఉంగా" అంటాం. బిడ్డ ఆగి విని మళ్లీ అంటుంది. ఏడాదికి ఒకటి రెండు మాటలు, రెండేళ్లకు "అమ్మ దా", "పాలు కావాలె" అని రెండేసి కలపడం ఈ వరసలోనే వస్తాయి. పుట్టినప్పుడు దాదాపు 35 సెంటీమీటర్లు ఉండే తల చుట్టుకొలత ఏడాది నిండేసరికి దాదాపు 45కు చేరుతుంది. రెండేళ్లకు మెదడు పెద్దవాళ్ల మెదడు పరిమాణంలో ఐదింట నాలుగు వంతులకు చేరుతుంది. ఆ వేగంతో పెరిగే రోజుల్లో ఫోన్‌లోని బొమ్మ వాగుతూనే ఉంటుంది తప్ప బిడ్డ జవాబు కోసం ఆగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్లలోపు పిల్లలకు తెర వద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వారికి రోజుకు గంట మించవద్దనీ చెప్పింది.

అలాగని మాట రాని ప్రతి బిడ్డకూ ఫోనే కారణమని తేల్చేయకూడదు. ముందు చెవి పరీక్ష జరగాలి. ఈ పిల్లవాణ్ణీ పంపాను, వినికిడి బాగుంది. ఆటిజం లక్షణాలు కనిపించలేదు. టానిక్కు రాయలేదు. పగలంతా తల్లి దగ్గర కూర్చోబెట్టి, ఆమె చేతిలో ఉన్న ప్రతిదాని పేరూ చెప్పమన్నాను: ఆకు, దారం, చాట, కత్తెర. తంబాకు మాత్రం వాడికి అందకూడదు, దాని దుమ్ము వాడి మీద పడకూడదు. అవ్వకు వెంటనే అర్థమైంది. "చేతులు బీడీల మీదుంటె నోరు ఖాళీగనే ఉంటది గదా" అన్నది. తండ్రితో కూడా ఫోన్‌లో మాట్లాడాను. "తిన్నవా, పన్నవా" దగ్గర ఆగకుండా, తన గది, తన గిన్నె, తన చెప్పులు చూపించి వాడి చేత పేర్లు పలికించమన్నాను. మనిషి అవతల ఉండి బదులు చెప్పే వీడియో కాల్‌కూ, ఒంటరిగా చూసే పాటకూ చాలా తేడా ఉంది.

అన్నిటికంటే పనిచేసింది అంగన్‌వాడీ. 1975 అక్టోబర్ 2న మొదలైన పథకం కింద నడిచే ఆ కేంద్రానికి మనవాళ్లు గుడ్లకూ బాలామృతానికీ పోతారు, తీసుకొని తిరిగి వస్తారు. గుడ్డు అవసరమే. అక్కడి తోటి పిల్లలు అంతకంటే అవసరం. కొన్ని నెలలకు వీడు ఇంకో పోరని చేతిలోని బంతి పట్టుకొని "నాకియ్యి" అన్నాడట. టీచరమ్మ చెప్తే అవ్వ ఆ మాటను నా దగ్గరికి వచ్చి మరీ చెప్పింది.

ఇంకొక ఇంట్లో ఏడో తరగతి అమ్మాయి. మెడ నొప్పి, ఆగని దగ్గు, పాలిపోయిన కళ్లు. బడి నుంచి వచ్చాక చీకటి పడేదాకా తల్లికి ఆకు కత్తిరించి ఇస్తుంది, కట్టలు కడుతుంది. "బీడీల పీఎఫ్ కార్డున్న పిల్లకు మంచి సంబంధం దొరుకుతది సారూ" అన్నది తల్లి. ఆమె భయం నాకు తెలుసు. పెద్దల పక్కన కూర్చొని పని నేర్చుకోవడం చెడ్డదని నేను అనను. వంట, పొలం, బతుకమ్మ పేర్చడం పిల్లలు అలాగే నేర్చుకున్నారు. కానీ తంబాకు దుమ్ము పని నేర్పే ముందే ఊపిరి తీస్తుంది. 1986 నాటి బాలకార్మిక చట్టమే బీడీల తయారీని పిల్లలు చేయకూడని పనుల్లో చేర్చింది. ఇనుము మాత్రలు ఇచ్చాను. చాట ముందు నుంచి లేపమని గట్టిగానే చెప్పాను.

రెండేళ్లకు సెలవు మీద వచ్చిన తండ్రి ఒకతను ఏడేళ్ల కూతుర్ని తెచ్చాడు. రోజూ పొద్దున కడుపునొప్పి, రాత్రి పక్క తడపడం. పరీక్షల్లో ఏమీ లేదు. అతను వచ్చిన రోజు నుంచే మొదలైంది. రెండేళ్ల పెంపకాన్ని రెండు నెలల్లో పూర్తి చేయాలని అతని ఆరాటం: చదువు, అక్షరాలు, కోపం, వెనువెంటనే చాక్లెట్లు. పిల్లకు అతను ఇంకా కొత్తమనిషి. "నువ్వు నేర్పకు, ఆమెనే నీకు ఊరు చూపించనియ్యి" అన్నాను. బడిదాకా నడిచి వెళ్లేవారు. ఏ ఇంట్లో కుక్క కరుస్తుందో, ఏ చెట్టు చింతకాయలు తియ్యనో ఆమె చెప్పేది. నొప్పి తగ్గింది. అతను విమానం ఎక్కాక మళ్లీ వచ్చింది. దానికి నా దగ్గర మందు లేదు.

2013 నుంచి ప్రభుత్వం పిల్లల ఎదుగుదల లోపాలను అంగన్‌వాడీల్లో, బడుల్లో ఉచితంగా పరీక్షిస్తున్నది. జిల్లా కేంద్రాలకు పంపి చికిత్స ఇప్పిస్తున్నది. మీ ఇంట్లో బిడ్డకు రెండేళ్లు నిండినా రెండు మాటలు కలపకపోతే, పిలిస్తే తిరగకపోతే, వాళ్ల బాపు కూడా ఆలస్యమేనని ఆగకండి. అంజన్నకు మొక్కండి, గుట్ట దిగాక చెవి పరీక్షకు కూడా తీసుకుపోండి. ఆ లోపల, ఇవాళే, ఫోన్ పక్కన పెట్టి బిడ్డతో మాట్లాడండి.