బ్రేకులు లేని బండిపై తొలి పాఠములు

లండను నగరపు దక్షిణభాగమున, బర్బేజ్ రోడ్డునందలి గృహపంక్తుల వెనుక ఒదిగియున్న హెర్న్ హిల్ వెలోడ్రోము, అనగా సైకిలు పందెములకై కట్టిన వాలుబాట, 1891వ సంవత్సరమున ఆరంభమైనది. 1948 నాటి ఒలింపిక్ క్రీడలలోని వెలోడ్రోము సైకిలు పందెములు ఇచ్చటనే జరిగినవి. తరువాతి కాలమున ఒలింపిక్ స్వర్ణపతకములు గడించిన బ్రాడ్లీ విగ్గిన్స్ బాలుడుగా పందెములకు దిగినదియు ఈ బాటమీదనే. అయినను నన్నచటికి నడిపించినది ఆ కీర్తి కాదు. సైకిలు తొక్కుట యెరిగియు వెలోడ్రోము నెన్నడును చూడనివారిని అపాయము లేకుండ పందెగాండ్రుగా తీర్చు విధానమును కన్నులార చూడవలెనన్న కోరిక.

బాట చుట్టుకొలత సుమారు 450 మీటర్లు. మలుపులయందు అది చెరువుగట్టు లోవాలువలె పైకి లేచియుండును గాని, ఆ వాలు 18 డిగ్రీలకు మించదు. పైకప్పుక్రింద కొయ్యపలకలతో నిర్మించు 250 మీటర్ల ఆధునిక వెలోడ్రోములలో వాలు 42 డిగ్రీల వరకుండును. అచ్చట గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగమైనను లేనివాని చక్రము జారిపోవు ప్రమాదము కలదు. హెర్న్ హిల్ బాటపై నెమ్మదిగా పోవువానికిని చోటున్నది; కనుకనే క్రొత్తవారికి ఇంతకన్న అనువైన పాఠశాల అరుదు. బాట ఆకాశము క్రింద నుండుటచే, వాన కురిసి తడిసినయెడల అభ్యాసము నిలిపివేయుదురు.

మొదటి పాఠము బండిని గూర్చినది. వెలోడ్రోము పందెపు సైకిలునకు బ్రేకులుండవు, ఫ్రీవీలుండదు, గేరు ఒక్కటే. వెనుకచక్రము తిరుగుచున్నంతసేపు పెడళ్లును, వానితో కాళ్లును తిరుగవలసినదే. వీధులలో తొక్కి అలవాటుపడినవాడు అలసినంతనే కాళ్లాపజూచును. అట్లాపినచో తిరుగు పెడలు వానిని పైకెత్తి కుదిపివేయును. అందుచేత అచ్చటి శిక్షకుడు క్రొత్తవారిని ముందుగా సమతలముగానున్న లోపలి అంచున తిప్పి, కాళ్లతో మెల్లగా ఎదురొత్తుచు వేగము తగ్గించుట, ఆగదలచిన చోటునకు చాల ముందే సిద్ధపడుట నేర్పుచుండెను. బాట నెక్కకముందు టైర్లలోని గాలి, చైను బిగువు, చక్రపు నట్లు, హ్యాండిల్ కొనల మూతలు, హెల్మెట్ పట్టీ ఒక్కొక్కటిగా తడవి చూచెను. ఆ పరీక్షను తొందరపడి ముగించుట నేను చూడలేదు.

రెండవ పాఠము రేఖలను గూర్చినది. లోపలి అంచునుండి 20 సెంటీమీటర్ల దూరముననున్న నల్లరేఖమీద బాట పొడవు కొలువబడును. దానికిపైన ఎర్రరేఖ, అంతకుపైన నీలిరేఖ కలవు. తుది పరుగున నలుపు ఎరుపుల నడుమ ముందుగా పోవువాడు ఆ దారిని విడిచి పైకి పోరాదు, వెనుకవాడు వాని లోపక్కనుండి దూరరాదు. అందరును గడియారపు ముల్లునకు ఎదురుదిశగా తిరుగుదురు కనుక దాటువాడు కుడివైపునుండియే దాటవలెను. పైకి జరుగదలచినవాడు తన కుడిభుజము మీదుగా వెనుకకు చూడక జరుగరాదు. దాటివచ్చువాడు “స్టే” యని కేక వేసినయెడల, ముందున్నవాడు ఉన్న రేఖను విడువక సాగవలెను.

ఒక యువతి ఆ కేక విని ఉలికిపడి, మంచితనముతో దారి ఇయ్యదలచి పైకి జరిగెను. ఆమె బాట దిగినపిమ్మట శిక్షకుడు, “అమ్మా, దాటు బాధ్యత వెనుకవానిది, నీవు తిన్నగా పోవుటయే వానికి నీవు చేయు మేలు” అని శాంతముగా చెప్పెను. ఆ విద్యయొక్క సారమంతయు ఆ మాటలో నాకు గోచరించినది.

పిమ్మట వరుసలో తొక్కుట. ముందువాని చక్రమునకు దగ్గరగా పోవునప్పుడు గాలి తాకిడి తగ్గి శ్రమ తగ్గును. కాని వెనుకవాని చూపు ముందువాని చక్రముమీదనే నిలిచిపోరాదు, వాని భుజములకావలికి ప్రసరించవలెను. నాయకుడు తన వంతు ముగియగానే వెనుకకు చూచి, మలుపున వాలుపైకి ఎక్కి, వరుసను పోనిచ్చి, దాని తోకను చేరును. ఇది పదేపదే తడబాటులేక జరిగిననే గాని పందెము మాట రాదు.

తొలి పందెమునకు, తుదిగీతను ముందుగా దాటినవాడు గెలుచు స్క్రాచ్ పందెము తగినది. ఎలిమినేషన్ పందెమున, ఒకటి రెండు చుట్ల కొకసారి, వెనుకచక్రము కడపట గీత దాటినవాడు తొలగింపబడును; తోకభాగమున నెట్టుకొను ఆ సమ్మర్దమున క్రొత్తవాడు చిక్కుపడును. జోడీగాండ్రు చేయిపట్టి ఒకరినొకరు ముందుకు విసరుకొను మాడిసన్ పందెము అన్నిటికన్న చివర నేర్వదగినది.

రక్షణ యనగా హెల్మెట్ మాత్రమే యనుకొనుట పొరపాటు. బ్రేకు లేని గుంపులో ప్రతివాని ప్రాణము పక్కవాని స్థిరత్వముమీద ఆధారపడియుండును. తాను చేయబోవునది ఇతరులకు ముందే తెలియునట్లు నడచుకొనువాడే నిజమైన నేర్పరి. హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయమునను, ఢిల్లీలోని ఇందిరాగాంధీ క్రీడాప్రాంగణమునను వెలోడ్రోములు కలవు. మన బాలబాలికలను అట్టి బాటలకు కొనిపోవువారు వేగమును కొలుచుటకు ముందు ఈ క్రమమును నేర్పుదురుగాక. పతకములు పిమ్మటి మాట, పక్కవాని క్షేమము మొదటి మాట.