ఎర్రమందు తర్వాత పదో రోజు

భీమవరంలో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేటప్పుడు అమ్మ రెండు సంచులు తనే పట్టుకునేది. ఒకదాంట్లో రిపోర్టులు, రెండోదాంట్లో మంచినీళ్ళు, నిమ్మకాయలు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక 21 రోజులకొకటి చొప్పున ఎనిమిది కీమోలు రాశారు. ప్రతిసారీ రాత్రి బండెక్కడం, పొద్దున్నే హైదరాబాద్‌లో దిగడం.

మొదటి రోజు బాగా గుర్తు. ముందు రక్తపరీక్ష; కౌంట్లు సరిపోతేనే మందు. వాంతులు రాకుండా ఇంజక్షన్, సెలైన్ అయ్యాక సిస్టర్ గ్లోవ్స్ వేసుకుని ఎర్రటి సిరంజి తెచ్చింది. డాక్సోరుబిసిన్. వార్డులో అందరూ ‘ఎర్రమందు’ అనే అంటారు. "మండితే వెంటనే చెప్పండమ్మా" అంటూ నెమ్మదిగా ఎక్కించింది. నరంలోంచి బయటికి కారితే అక్కడ పుండు పడుతుంది.

పక్క కుర్చీలో బ్లడ్ క్యాన్సర్ కుర్రాడికి పసుపుపచ్చటి మందు ఎక్కుతోంది. మెథోట్రెక్సేట్. ఆ పేరు వినగానే ఒళ్ళు జలదరించింది. 1895లో మా భీమవరంలోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తయారు చేయించిన మందుల కుటుంబమే అది. "మనూరాయన మందమ్మా" అన్నాను. అమ్మ ఆ సీసావైపు చాలాసేపు చూసింది.

ఆ సాయంత్రం బాత్రూంలోంచి కేక: "ఒరేయ్, రక్తం పడుతోందిరా!" అది మందు రంగేనని, ఒకట్రెండు రోజులు మూత్రం అలాగే వస్తుందని మాకెవరూ చెప్పలేదు. ఒక్క మాట చెప్పుంటే అమ్మ అంత బెదిరిపోయేది కాదు.

ఇంటికొచ్చాక తాలింపు వాసన పడలేదు. చేపల పులుసంటే ప్రాణం పెట్టే మనిషి మజ్జిగన్నంతో సరిపెట్టుకుంది. నోరు పూస్తే ఉప్పునీళ్ళు పుక్కిలించింది. పదో రోజు రాత్రి జ్వరం, 101. పారాసెటమాల్ వేసి, పొద్దున్నే చూద్దామని పడుకోబెట్టాను. నేను చేసిన అతి పెద్ద తప్పు అదే.

వేగంగా విభజన చెందే కణాల్ని ఎర్రమందు చంపుతుంది. అది క్యాన్సర్ కణమా, జుట్టు కుదురా, నోటి పొరా, ఎముకల్లో రక్తం తయారయ్యే మజ్జా అని చూడదు. ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు చిన్న ఇన్ఫెక్షనైనా కొన్ని గంటల్లో ప్రాణం మీదికి తేగలదు. తెల్లారి ఆసుపత్రిలో చేర్చేసరికి అమ్మ మాట తడబడుతోంది. నాలుగు రోజులు యాంటీబయాటిక్స్ ఎక్కించాక గాని తేరుకోలేదు.

ఆ తర్వాత వారానికి దువ్వెన నిండా జుట్టు కుచ్చులుగా వచ్చింది. చుట్టాలంతా దానికే ఏడ్చారు. అది మళ్ళీ మొలిచింది కూడా. చివరి నాలుగింటికి మందు మారింది. వాంతులు తగ్గాయి గాని కాళ్ళకు తిమ్మిర్లు పట్టుకున్నాయి. ఒకసారి ప్లాట్‌ఫామ్ మీద చెప్పు జారిపోతే అమ్మకు తెలియనే లేదు, ఒంటికాలి చెప్పుతోనే పెట్టెదాకా నడిచింది.

కీమో నడుస్తున్న మనిషి ఇంట్లో ఉంటే థర్మామీటర్ దగ్గర పెట్టుకోండి. 100.4 దాటితే, అర్ధరాత్రయినా సరే, మాత్ర వేసి తెల్లారేదాకా ఆగకండి. దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. గుమ్మంలోనే చెప్పండి, కీమో నడుస్తోందని.